స్కూలు మీద ఇంకో అంతస్తు వేస్తున్నారు, భూకంపం లెక్క ఎవరు చూస్తారు?

కొళత్తూర్_అమ్మ

మా పాప చదివే గవర్నమెంటు స్కూల్లో పాత గ్రౌండ్ ఫ్లోర్ మీద ఇప్పుడు ఇంకో అంతస్తు లేపుతున్నారు. కింద క్లాసులు జరుగుతూనే ఉన్నాయి, పైన సెంట్రింగ్ కొడుతున్నారు. ఆ పాత బిల్డింగు ఎప్పుడు కట్టారో హెచ్ఎంకే సరిగ్గా తెలీదు. ఒకరు ఎంజీఆర్ టైమ్ అంటారు, ఒకరు అంతకు ముందే అంటారు. డ్రాయింగ్ ఎవరి దగ్గరా లేదు. నేను స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో మెంబర్ని కాబట్టి మీటింగులో లేచి అడిగాను, ఈ పాత గోడలు పై బరువు మోస్తాయని ఎవరు లెక్క కట్టారు, భూకంపం వస్తే పరిస్థితి ఏంటి అని. పని చూస్తున్న ఇంజనీరు నవ్వి "మేడమ్, ఇది చెన్నై, జపాన్ కాదు" అన్నారు. కాంట్రాక్టరూ నవ్వాడు. టీ, బిస్కెట్లు వచ్చాయి, మీటింగు అయిపోయింది.

ప్రైవేటు స్కూలైతే స్టెబిలిటీ సర్టిఫికెట్ తేవాలి, తహసీల్దార్ లైసెన్సు తేవాలి, ఫైర్ వాళ్ళ కాగితం తేవాలి. గవర్నమెంటు స్కూలుని గవర్నమెంటే కట్టుకుంటుంటే అడిగేదెవరు? అసలు ఈ భూకంపం సంగతి చూడటానికంటూ ఒక మనిషి ఉంటాడా? ఇక్కడ సివిల్ వాళ్ళు ఉన్నారు కదా, తెలిస్తే చెప్పండి.

అంబత్తూర్_ఆటో

మెట్రో పని అయ్యేదాకా చెన్నైలో రోజూ భూకంపమే అక్కా. కావాలంటే నా బండి సస్పెన్షన్‌ని అడగండి.

వేళచ్చేరి_వాన

లేనిపోని టెన్షన్ ఇది. 2015లో మా ఇంట్లో నడుముల్లోతు నీళ్ళు, 2023లో మిచాంగ్‌కి మళ్ళీ అదే కథ. మన ఊరికి వచ్చేది నీళ్ళు. స్కూళ్ళలో ముందు ఆడపిల్లల టాయిలెట్‌కి లోపల గడియ పెట్టించమనండి, భూకంపం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

పాత_ఏఈ

జపాన్ కాదన్న ఇంజనీరు గారు ఐఎస్ 1893, అంటే భూకంపానికి తట్టుకునేలా డిజైన్ చేయడానికి మన దేశంలో ఉన్న కోడ్, ఒకసారి తెరిచి చూస్తే బాగుండేది. 2002లో ఆ కోడ్‌ని సవరించినప్పుడు చెన్నైని జోన్ 2 నుంచి జోన్ 3కి మార్చారు, జోన్ నంబరు పెరిగితే ప్రమాదం ఎక్కువని. లెక్కలో వాడే జోన్ ఫ్యాక్టర్ జోన్ 2కి 0.10 అయితే జోన్ 3కి 0.16. స్కూలు కాబట్టి దాని మీద ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ 1.5 వేయాలి, అంటే మామూలు ఇంటికి పట్టుకునే బలానికి ఒకటిన్నర రెట్లు. ఇందులో ఎవరి దయా లేదు, కోడ్‌లో రాసుంది.

అమ్మ గారు చెప్పిన బిల్డింగు ఎలా చూసినా 2002కి ముందుదే. పాత దాని మీద అంతస్తు వేసేటప్పుడు ఆ కొత్త అంతస్తుకి ఒక్కదానికే డిజైన్ చేసి చేతులు దులుపుకుంటే కుదరదు, పునాది నుంచి మొత్తం మళ్ళీ లెక్క కట్టాలి. భూకంపంలో బిల్డింగు మీద పడే బలం దాని బరువును బట్టే ఉంటుంది. అంతస్తు పెరిగితే ఆ బలమూ పెరుగుతుంది, మోయాల్సింది మాత్రం కింద ఉన్న అదే పాత గోడ.

ఇక వాన గారికి. 1993లో కిల్లారి, మహారాష్ట్రలో లాతూరు దగ్గర. అప్పటి మ్యాపులో అది జోన్ 1, అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న చోటు. సెప్టెంబర్ 30 తెల్లవారుజామున దాదాపు పది వేల మంది నిద్రలోనే పోయారు. ఆ జోన్ 1 అనేదాన్నే 2002లో ఎత్తేశారు. మన ఒంగోలు 1967, భద్రాచలం 1969, మొన్న 2024 డిసెంబరులో ములుగు 5.3. దక్షిణాదికి రాదనే ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు.

టీనగర్_తాతయ్య

2001 సెప్టెంబర్ 25 రాత్రి ఎవరికీ గుర్తులేదా? పుదుచ్చేరి దగ్గర సముద్రంలో వచ్చింది, రిక్టర్ మీద ఐదున్నర. మా ఇంట్లో అలమరాలో ఇత్తడి చెంబు దొర్లి కింద పడితే పిల్లి అనుకున్నాం. 2012 ఏప్రిల్‌లో సుమత్రా దగ్గర 8.6 వచ్చినప్పుడు ఇక్కడ ఆఫీసులన్నీ ఖాళీ.

అంబత్తూర్_ఆటో

ఆ రోజు సవారీలే సవారీలు తాతయ్యా, ఊరంతా ఒకేసారి ఇంటికి బయల్దేరింది.

పెరంబూర్_పంతులమ్మ

వాన గారూ, మీరు నీళ్ళు అన్నారు కాబట్టి చెప్తున్నా. 2015లో మీ ఏరియా జనాన్ని ఎక్కడ పెట్టారు? కార్పొరేషన్ స్కూళ్ళలోనే కదా. తుఫాను వచ్చినా, వరద వచ్చినా, ఓటింగ్ అయినా, అన్నిటికీ మా క్లాసు రూములే. ఆ 1.5 ఊరికే రాయలేదు, ఊరు పడిపోయినా స్కూలు నిలబడి ఉండాలని రాశారు.

టాయిలెట్ మాట కూడా వేరే విషయం కాదు. 2021 డిసెంబర్ 17న తిరునల్వేలిలో ఒక స్కూల్లో టాయిలెట్ గోడ కూలి ముగ్గురు పిల్లలు చనిపోయారు. భూకంపం లేదు, గాలి లేదు, గోడ దానంతటదే పడింది. ఆ తర్వాత రాష్ట్రమంతా స్కూలు బిల్డింగులు తనిఖీ చేయమని, పాడైనవి కూల్చేయమని ఆర్డర్లు వచ్చాయి. నేను అప్పుడు పనిచేసిన స్కూలుకీ ఒకాయన వచ్చాడు. క్లాసు మధ్యలో నిలబడి సీలింగ్ వైపు చూశాడు, గోడని చేత్తో రెండుసార్లు తట్టాడు, పిల్లల్ని "బాగా చదువుకోండి" అన్నాడు, రిజిస్టర్లో సంతకం పెట్టాడు. మేడ మీదకి ఎక్కలేదు. తనిఖీ అయిపోయినట్టే లెక్క.

రాడ్‌బెండర్_సిక్కోలు

మాది శ్రీకాకుళం జిల్లా, చెన్నైలో రాడ్ బెండింగ్ పని. అక్కా, మీరు గోడ గురించి అడిగారు, నేను పిల్లరు గురించి చెప్తాను.

పిల్లరులో నిలువు రాడ్లు ఉంటాయి, వాటి చుట్టూ రింగులు కడతాం. ఆ రింగు కొసని 135 డిగ్రీలు లోపలికి వంచాలి, కొస పిల్లరు మధ్యలోకి చూస్తూ ఉండాలి. చాలా చోట్ల 90కే ఆపేస్తారు. ఎందుకంటే 135 వంచిన రింగుని నిలువు రాడ్లకి ఎక్కించడం కష్టం, చేతులు చీరుకుపోతాయి, రోజుకి అయ్యే పని తగ్గుతుంది, మాకు కూలీ టన్ను లెక్కన. కొస ఎలా వంచావని ఎవడూ పైసా ఎక్కువ ఇవ్వడు. బిల్డింగు ఊగినప్పుడు పైన కప్పిన సిమెంటు రాలిపోతుంది, అప్పుడు 90 రింగు సంచి మూతి విప్పుకున్నట్టు విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు పక్కకి వంగిపోతాయి, పిల్లరు పని అయిపోయినట్టే.

ఇదంతా నాకు చెప్పింది ఒక పెద్ద ప్రాజెక్టులో క్వాలిటీ ఇంజనీరు. ఆయన టేపు పట్టుకుని తిరిగేవాడు. బీమూ పిల్లరూ కలిసే దగ్గర రింగుకీ రింగుకీ మధ్య 100 ఎంఎం దాటిందంటే కట్టిందంతా విప్పించేవాడు, మేం తిట్టుకునేవాళ్ళం. గవర్నమెంటు స్కూలు పనుల్లో అలా టేపు పట్టుకుని వచ్చినవాణ్ణి నేను చూడలేదు. స్లాబ్ పోసే రోజు వస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఫొటో దిగుతారు. కాంక్రీటు పడిపోయాక లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు?

సివిల్_థర్డ్_ఇయర్

అన్న చెప్పింది ఐఎస్ 13920, డక్టైల్ డీటెయిలింగ్, అంటే బిల్డింగు ఊగినా పుటుక్కున విరగకుండా రాడ్లు ఎలా కట్టాలో చెప్పే కోడ్. జోన్ 3లో తప్పనిసరి, జోన్ 2లో ఇష్టమైతే పాటించొచ్చు. మాకు సిలబస్‌లో ఉంది, పరీక్షలో బొమ్మ గీస్తాం, మార్కులు వస్తాయి. సైట్‌లో వంచిన రింగు నేనింతవరకు పట్టుకుని చూడలేదు. అన్నా, మీ సైట్‌కి వస్తే చూపిస్తారా?

రాడ్‌బెండర్_సిక్కోలు

రా తమ్ముడూ. గ్లౌజులు తెచ్చుకో.

శాన్‌హోసే_బావ

చెన్నైలో పెరిగి ఇప్పుడు కాలిఫోర్నియాలో స్ట్రక్చరల్ ఇంజనీరుగా చేస్తున్నా, అమ్మ గారి ప్రశ్నకి ఇక్కడ ఏం చేశారో చెప్తాను. 1933 మార్చి 10, సాయంత్రం ఆరు కావస్తుండగా లాంగ్ బీచ్‌లో భూకంపం. 70 స్కూళ్ళు కూలిపోయాయి, ఇంకో 120 దెబ్బతిన్నాయి. బడి వదిలేశాక వచ్చింది కాబట్టి ఆ పిల్లలు బతికిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చేసింది. డాన్ ఫీల్డ్ అనే శాసనసభ్యుడి పేరు అది.

ఆ చట్టం చేసిన పని చెప్పాలంటే, ఎవరు కట్టించుకుంటున్నారో వాళ్ళ చేతిలోంచి తనిఖీని లాగేసింది. స్కూలు కట్టించేది స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్, చూసేది రాష్ట్రం. ఆ ఆఫీసుని ఇప్పుడు డీఎస్ఏ అంటాం, రాష్ట్ర ఆర్కిటెక్ట్ విభాగం. డ్రాయింగులు, లెక్కలు వాళ్ళ ఇంజనీర్లు చూసి ముద్ర వేస్తేనే పని మొదలవుతుంది. పని జరుగుతున్నంత కాలం వాళ్ళు ఆమోదించిన ఇన్‌స్పెక్టర్ సైట్‌లో ఉండాలి. మధ్యలో ఒక బీమ్ మార్చాలన్నా మళ్ళీ వాళ్ళ దగ్గరికే. చివర్లో ఆర్కిటెక్టు, ఇంజనీరు, ఇన్‌స్పెక్టరు, కాంట్రాక్టరు ఎవరికి వారు విడిగా, పని ఆమోదించిన డ్రాయింగ్ ప్రకారమే జరిగిందని రాసి సంతకం పెట్టాలి. అబద్ధం రాస్తే క్రిమినల్ కేసు.

1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్‌లో 6.7 వచ్చినప్పుడు ఈ చట్టం కింద కట్టిన స్కూలు ఒక్కటీ కూలలేదు. సీలింగ్ లైట్లు మాత్రం ఊడి బెంచీల మీద పడ్డాయి. తెల్లవారుజాము నాలుగున్నర కాబట్టి బెంచీల్లో ఎవరూ లేరు.

టీనగర్_తాతయ్య

నెలలో చట్టమా! మనకీ అలాంటిది ఒకటి ఉంది, కాకపోతే ముందు పిల్లలు పోవాలి. 2004 జూలై 16 కుంభకోణం, స్కూల్లో అగ్ని ప్రమాదం, 94 మంది పిల్లలు. పూరిపాకల కింద క్లాసులు పెట్టొద్దని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. దాని మీదే 2009లో సుప్రీంకోర్టు, దేశంలో ప్రతి స్కూలూ నేషనల్ బిల్డింగ్ కోడ్ పాటించాలి, ఫైర్ సేఫ్టీ ఉండాలి అని తీర్పిచ్చింది. ఆ తీర్పు ఎన్ని స్కూళ్ళలో గోడ దాకా వచ్చిందో మీరే చెప్పండి.

వేళచ్చేరి_వాన

లాంగ్ బీచ్, నార్త్‌రిడ్జ్ అన్నీ బడి లేనప్పుడే వచ్చాయి అంటున్నారు. అంటే స్కూలు టైములో రావడం అరుదే కదా?

సివిల్_థర్డ్_ఇయర్

2005 అక్టోబర్ 8 కశ్మీర్, ఉదయం 8:50. పాకిస్తాన్ వైపు స్కూళ్ళలోనే 17 వేల మందికి పైగా పిల్లలు పోయారు. 2008 మే 12 సిచువాన్, మధ్యాహ్నం 2:28, చైనా ప్రభుత్వం ఇచ్చిన లెక్కే 5,335 మంది విద్యార్థులు. 2001 భుజ్ రిపబ్లిక్ డే ఉదయం వచ్చింది, అంజార్‌లో జెండా పట్టుకుని ర్యాలీగా పోతున్న 185 మంది పిల్లలు, 20 మంది టీచర్లు ఇరుకు సందులో రెండు వైపులా ఇళ్ళు కూలి వాటి కింద పడి చనిపోయారు. 2015 నేపాల్ శనివారం వచ్చింది, అక్కడ శనివారం బడికి సెలవు. ఇదంతా లాటరీ.

వేళచ్చేరి_వాన

సరే. ఈ లెక్కలు నాకు తెలీవు.

ఆర్టీఐ_అప్పారావు

బావా, ఆ సైట్‌లో ఉండే ఇన్‌స్పెక్టర్‌కి జీతం ఎవరిస్తారు? అసలు సంగతి అక్కడుంటుంది.

శాన్‌హోసే_బావ

గట్టిగా పట్టుకున్నారు. డబ్బిచ్చేది స్కూల్ డిస్ట్రిక్టే. పరీక్ష పాసై, ఆ పనికి డీఎస్ఏ ఒప్పుకున్నవాళ్ళే రావాలి, రిపోర్టు డీఎస్ఏకి పోతుంది, అంతవరకు అడ్డుకట్ట ఉంది. కానీ 2011లో విలేఖరులు తవ్వితే, తర్వాత రాష్ట్ర ఆడిటర్ చూస్తే, వేల ప్రాజెక్టులు చివరి సర్టిఫికెట్ లేకుండానే ఫైలు మూసేసి ఉన్నాయని తేలింది. పిల్లలు వాటిలోనే చదువుతున్నారు. కొన్నింటికి కాగితం ఒకటి రాలేదు అంతే, కొన్నింటిలో నిజంగానే లోపాలు. ఏది ఏదో విడదీసి చెప్పే స్థితిలో ఆఫీసు లేదు. సర్టిఫికెట్ లేకపోయినా స్కూలు తెరవకుండా ఆపేవాళ్ళు లేకపోవడంతో వచ్చిన తిప్పలు ఇవి.

పాతవాటి కథ ఇంకో రకం. 1933కి ముందు కట్టినవాటిని వాడకంలోంచి తప్పించడానికి 1970లు దాకా పట్టింది. తర్వాత 1999లో ఒక చట్టం చేసి, 1978కి ముందు కట్టిన చెక్కవి కాని స్కూలు బిల్డింగుల లిస్టు తీయించారు. 7,500కి పైగా బిల్డింగులకి వివరమైన పరిశీలన కావాలని 2002లో తేలింది. లిస్టు తీయడం ఒకటి, దానికి డబ్బు తేవడం ఇంకొకటి.

మైలాపూర్_మొండి

మొత్తం చదివాను. ఇంకో ఇన్‌స్పెక్టర్ అంటే ఇంకో కవరు. అంతకుమించి ఏమీ లేదు ఇందులో. కాలిఫోర్నియాలోనే ఫైళ్ళు మూసేస్తుంటే ఇక్కడ మీరు కోడ్ నంబర్లు చెప్పుకుంటున్నారు.

పాత_ఏఈ

మొండి గారూ, కవరు మాట కాదనను. కానీ కవరు తీసుకోని ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, కూడా ఏం చేయగలడో వినండి. నేను ఆంధ్రాలో సర్వీసు చేశాను. స్కూలు అదనపు గదులు, అంగన్‌వాడీలు, సీసీ రోడ్లు, శ్మశానం ప్రహరీ, మండలంలో ఏ పనైనా నా మెడకే. ఒకే రోజు మూడు ఊళ్ళలో స్లాబ్ పెట్టుకునేవాళ్ళు, ముహూర్తం మంచిదని. ఏ స్లాబ్ దగ్గర నిలబడాలి? ఎం-బుక్‌లో, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో, కొలతలు ఎక్కించామా, బిల్లు పెట్టామా, మార్చి 31 లోపు నిధులు మురిగిపోకుండా ఖర్చయ్యాయా, పైనుంచి ఫోనొస్తే ఇవే అడిగేవాళ్ళు. రింగు కొస ఎటు తిరిగిందని ఒక్క రివ్యూ మీటింగులోనూ అడగలేదు.

క్యూబ్ టెస్టు సంగతి చూడండి, అదే, పోసే కాంక్రీటుతో చిన్న దిమ్మలు చేసి 28 రోజులకి ల్యాబ్‌లో నలిపి బలం చూసేది. 16 నుంచి 30 ఘనపు మీటర్ల కాంక్రీటుకి కనీసం 3 శాంపిళ్ళు తీయాలని కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 చెప్తుంది. తీస్తారు. ల్యాబ్‌కి పోయే క్యూబుల కోసం పక్కన విడిగా, సిమెంటు దండిగా వేసి మంచి మాల్ కలిపించే కాంట్రాక్టర్లని నా కళ్ళతో చూశాను. ల్యాబ్ రిపోర్టు నిజమే, క్యూబూ నిజమే, బిల్డింగే వేరు.

అందుకని నేననేది, డిజైన్ చేసేదీ, కట్టించేదీ, నాణ్యత చూసేదీ, బిల్లు ఇచ్చేదీ ఒకే శాఖ అయినంత కాలం ఎంతమందిని కొత్తగా వేసినా వాళ్ళూ ఆ శాఖ మనుషులే అవుతారు. వేరే శాఖ కింద ఉన్న ఒక మనిషికి కాంక్రీటు పోయకముందే పని ఆపే అధికారం ఉండాలి. రాడ్ కట్టడం అయ్యాక అతను చూసి సంతకం పెట్టకపోతే ఆ స్లాబ్ బిల్లు ట్రెజరీలో పాస్ కాకూడదు. కాంట్రాక్టరుకి భూకంపం భయం ఉండదు, బిల్లు ఆగుతుందంటే మాత్రం అతనే ఫోన్ చేసి రమ్మంటాడు.

మైలాపూర్_మొండి

వేరే మనిషి అంటే థర్డ్ పార్టీ. థర్డ్ పార్టీకి డబ్బిచ్చేది మళ్ళీ ఆ శాఖే. తిరిగి తిరిగి అక్కడికే వచ్చారు సార్.

సివిల్_థర్డ్_ఇయర్

మొండి గారి మాటకి ఒక ఉదాహరణ ఉంది, మెక్సికో సిటీ. అక్కడ బిల్డింగు ఓనరే డబ్బిచ్చి పెట్టుకునే ఇంజనీరు సంతకం చేస్తే బిల్డింగు బాగున్నట్టు. 2017 సెప్టెంబర్ 19న భూకంపానికి ఒక ప్రైవేటు స్కూలు కూలి 19 మంది పిల్లలు, ఏడుగురు పెద్దలు చనిపోయారు. ఓనరు ఆ స్కూలు పైనే తన ఇల్లు కట్టుకుంది. దానికీ సంతకాలన్నీ ఉన్నాయి. తర్వాత ఓనరూ, సంతకం పెట్టిన ఇంజనీరూ ఇద్దరూ జైలుకి పోయారు.

ఇంకోటి, ఇటలీలో సాన్ జులియానో అనే చిన్న ఊరు, 2002 అక్టోబర్ 31న భూకంపం. 27 మంది పిల్లలు, ఒక టీచరు. ఊళ్ళో నేలమట్టమైంది ముఖ్యంగా ఆ స్కూలే. పాత రాతి గోడల మీద తర్వాతెప్పుడో ఇంకో అంతస్తు వేశారు. ఆ ఊరు వాళ్ళ భూకంప మ్యాపులో లేనే లేదు. మరుసటి ఏడాది దేశం మొత్తం మ్యాపు మార్చారు.

కొళత్తూర్_అమ్మ

ఈ రెండూ పై అంతస్తు కథలే కదా. ఇది చదివాక రేపు పాపని స్కూలుకి ఎలా పంపాలి చెప్పండి. పని ఆపించమని కలెక్టర్‌కి పిటిషన్ పెట్టనా?

పెరంబూర్_పంతులమ్మ

ఆపించొద్దమ్మా. ఆపితే నిధులు వెనక్కి పోతాయి, సగం లేచిన పిల్లర్లు వానకి తుప్పు పడతాయి, మా పిల్లలు వరండాలో కూర్చుంటారు. చాలా స్కూళ్ళలో రెండు క్లాసులు ఒకే గదిలో నడుస్తున్నాయి. గదులు కావాలి. సరిగ్గా కట్టిన గదులు కావాలి.

రాడ్‌బెండర్_సిక్కోలు

పర్మిషన్ కాగితాలని నమ్ముకోకండి అక్కా, అంతే నేను చెప్పేది. 2014 జూన్ 28న ఇక్కడే చెన్నై పక్కన మౌలివాక్కంలో 11 అంతస్తులు కూలాయి, అది పర్మిషన్ ఉన్న బిల్డింగే. 61 మంది పోయారు. మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు అందులో చాలామంది. భూకంపం రాలేదు, వాన పడింది అంతే. పక్కనున్న రెండో టవర్ని 2016లో బాంబులు పెట్టి పడగొట్టారు, జనం మేడలెక్కి వీడియో తీసుకున్నారు. మేం చూడలేదు.

పాత_ఏఈ

పంతులమ్మ గారు చెప్పిందే సబబు. పని ఆపక్కర్లేదు, కింద క్లాసులు ఆపాలి. పైన తడి స్లాబ్ ఉండి, దాని బరువు పాత స్లాబ్ మీద ప్రాప్‌ల, అంటే ఆసరాగా నిలబెట్టిన కర్రల ద్వారా దిగుతున్నప్పుడు ఆ గదిలో పిల్లలు ఉండటం భూకంపం లేకపోయినా ప్రమాదమే. హెచ్ఎంకి ఈ ఒక్క ముక్క రాతపూర్వకంగా ఇవ్వండి, వెంటనే కదులుతారు, ఎందుకంటే కాగితం తీసుకున్నాక బాధ్యత ఆవిడది.

ఆర్టీఐ_అప్పారావు

ఇప్పుడు నా వంతు. అమ్మా, సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 2(జె) చదవండి. కాపీలు తీసుకోవడం ఒక్కటే హక్కు అనుకుంటారు అందరూ. జరుగుతున్న పనిని తనిఖీ చేయడం, వాడుతున్న సామాను ధ్రువీకరించిన శాంపిల్ తీసుకోవడం కూడా అందులోనే ఉన్నాయి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు.

ఎలా అడగాలో అదే ముఖ్యం. "స్కూలు సురక్షితమేనా" అని అడిగితే "సురక్షితమే" అని ఒక లైను వస్తుంది, లేదా అభిప్రాయాలు మేం చెప్పం అని తిరగ్గొడతారు. కాగితం అడగండి. స్ట్రక్చరల్ డిజైన్ లెక్క కాపీ, అందులో ఏ జోన్ పట్టారు, ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ ఎంత వేశారు. పాత పునాది తవ్వి చూసిన రిపోర్టు, మట్టి పరీక్ష. క్యూబ్ రిపోర్టులు తేదీలతో సహా. ఎం-బుక్‌లో స్లాబ్ పేజీలు. లేదంటే "ఆ రికార్డు మా దగ్గర లేదు" అని రాతపూర్వకంగా ఇవ్వమనండి, ఒక్కోసారి ఆ లైనే అన్నిటికన్నా పనికొస్తుంది. వచ్చాక ఎం-బుక్ తేదీ, క్యూబ్ తేదీ పక్కపక్కన పెట్టుకోండి. స్లాబ్ పోసి 20 రోజులే అయి, 28 రోజుల క్యూబ్ రిపోర్టు ఫైల్లో ఉంటే ఇక మీరు ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు.

వేళచ్చేరి_వాన

హహహ ఈ తేదీల టెక్నిక్ మా అపార్ట్‌మెంట్‌ బిల్డర్ మీద వాడతా.

మైలాపూర్_మొండి

ఇది పనికొచ్చే ముక్క. కానీ ఒక్క స్కూలుకి ఒక్క అమ్మ అడిగితే ఏం లాభం, ఆ డిజైన్ షీటూ క్యూబ్ రిపోర్టులూ ప్రతి స్కూలు గేటు దగ్గర ఫ్లెక్సీ వేసి పెట్టమనాలి. ఎమ్మెల్యే ఫొటోకి చోటుంది కదా ఫ్లెక్సీ మీద, దాని పక్కనే.

శాన్‌హోసే_బావ

మొండి గారు చెప్పింది ఇక్కడ కొంతవరకు ఉంది. ప్రాజెక్టు నంబరు కొడితే సర్టిఫై అయిందో లేదో డీఎస్ఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మా ఆఫీసు వాళ్ళు పిల్లల అడ్మిషన్‌కి ముందు చూసుకుంటారు. ఇంకో మాట, తరమణిలో ఎస్ఈఆర్‌సీ, కేంద్ర ప్రభుత్వ స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, ఉంది మీకు, అక్కడ షేక్ టేబుల్ మీద భూకంపం తెప్పించి పరీక్ష చేస్తారు. ఐఐటీ ఉంది, గిండీ కాలేజీ ఉంది. డిజైన్ సరిచూసే వాళ్ళకి చెన్నైలో కొదవ లేదు. శాఖ వాళ్ళని అడగాలి, అంతే.

పెరంబూర్_పంతులమ్మ

కొత్త బిల్డింగు సంగతి ఎలా ఉన్నా, రేపే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నార్త్‌రిడ్జ్ లైట్ల మాట చదివి మా వరండా గుర్తొచ్చింది. ఇనప బీరువాలు వరసగా, వాటి మీద పాత ఆన్సర్ షీట్ల కట్టలు, దాటితేనే మెట్లు. ఊగితే ముందు పడేవి అవి, పిల్లలు పరిగెత్తేది అటే. ఎల్ క్లాంపులు పెట్టి గోడకి బిగించడానికి కార్పెంటర్ సగం రోజు కూలీ. దానికి ఏ కోడూ అక్కర్లేదు, హెచ్ఎం సంతకం చాలు. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకులు కూడా ఒకసారి చూడండి, మా స్కూల్లో ఇటుకల మీద నిలబెట్టారు.

కొళత్తూర్_అమ్మ

అప్‌డేట్. పాత_ఏఈ గారు చెప్పినట్టు లెటర్ ఇచ్చాను. హెచ్ఎం చదివి ఏమీ అనలేదు, మధ్యాహ్నానికి కింద రెండు క్లాసుల్ని భోజనాల షెడ్‌కి మార్చేశారు. ఇంజనీరు గారు ఫోన్లో డిజైన్ డివిజన్ ఆఫీసులో ఉందన్నారు, చూపించండి అంటే సోమవారం అన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు. ఆర్టీఐ వేస్తున్నా. తెలుగులో వేస్తే తీసుకోరు కదా, ఇంగ్లీషులో వేయనా తమిళంలోనా?

ఆర్టీఐ_అప్పారావు

తమిళంలోనే వేయండి. ఇంగ్లీషులో వేస్తే ఎవరో ఎన్జీవో వాళ్ళు అనుకుని ఇంకో నెల ఆలోచిస్తారు. మన పంతులమ్మ గారు రాసిస్తారు.

పెరంబూర్_పంతులమ్మ

రాసిస్తా. నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వకండి, నేనూ గవర్నమెంటు జీతమే తీసుకుంటున్నా.